చుక్క మాయమైతే ఫర్వాలేదు, కాలికి వేడి తెలియకపోతేనే కంగారు పడాలి

ప్రశ్న: డాక్టర్‌గారూ, మా బాబు ఆరో తరగతి. పంచేంద్రియాల మీద ఇంట్లోనే ప్రయోగాలు చేసి రాసుకురమ్మని స్కూల్లో చెప్పారు. కాగితం మీద ప్లస్ గుర్తు, దానికి కుడివైపు ఒక చుక్క గీసి, ఎడమ కన్ను మూసుకుని ప్లస్‌నే చూస్తూ కాగితాన్ని దగ్గరికి తెస్తుంటే ఒకచోట చుక్క కనిపించడం లేదంటున్నాడు. రెటీనాలో ఏమైనా లోపమా? ఇంకో సంగతి. రెండు టూత్‌పిక్‌లు ఒంటికి ఆనించి ‘ఒకటా, రెండా’ అని అడిగే ఆటలో మా అత్తగారు కాలి వేళ్ల దగ్గర అసలేమీ తగల్లేదన్నారు. వేడినీళ్లు, చన్నీళ్లు, మామూలు నీళ్లు మూడు టబ్బుల్లో పెడితే, వేడినీళ్లలో కాళ్లు పెట్టి గోరువెచ్చగానే ఉన్నాయన్నారు. తీరా తుడుస్తుంటే పాదాలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమెకు 66 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్. వయసు వల్ల ఇదంతా మామూలేనా? బాబుని కంటి డాక్టర్‌కి చూపించమంటారా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: బాబు సంగతి ముందు తేల్చేద్దాం, అందులో టెన్షన్ పడాల్సిందేమీ లేదు. చుక్క మాయమైందంటే ప్రయోగం సరిగ్గా చేశాడన్నమాట. రెటీనా మీది నరాల పోగులన్నీ ఒకచోట కట్టగా చేరి కంట్లోంచి మెదడు వైపు బయల్దేరతాయి. ఆ చోట వెలుతురును పట్టే కణాలు ఉండవు కాబట్టి, అక్కడ పడిన బొమ్మ ఎవరికీ కనిపించదు, మీకైనా నాకైనా. మారియట్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త 1660ల్లోనే ఈ సంగతి గమనించాడు. ప్లస్‌కీ చుక్కకీ మధ్య 8 సెంటీమీటర్లు ఉంటే, కాగితం కంటికి దాదాపు 30 సెంటీమీటర్ల దూరానికి వచ్చేసరికి చుక్క పోతుంది. పోయినచోట నల్లమచ్చ కూడా కనిపించదు చూడండి, తెల్ల కాగితమే కనిపిస్తుంది, గీతల కాగితం మీద చేస్తే గీతలు తెగకుండా సాగినట్టే ఉంటాయి, ఎందుకంటే ఆ ఖాళీని చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడే పూడ్చేస్తుంది. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఈ గొడవే లేదు, ఒక కంటికి అందనిది రెండో కంటికి అందుతుంది. ఎటూ ఒక్కో కన్నూ మూసి చూస్తున్నాడు కాబట్టి, ఏదైనా ఒక కంటితో అక్షరాలు మసగ్గా ఉన్నాయా అని మాత్రం అడగండి. పిల్లలు ఇది వాళ్లంతట వాళ్లు చెప్పరు, బాగున్న కంటితో నెట్టుకొచ్చేస్తారు. ఉన్నాయంటే కంటి డాక్టర్‌కి చూపించండి, లేదంటే అక్కర్లేదు.

నా కంగారంతా మీ అత్తగారి గురించే. మీరు దాన్ని రెండో విషయంగా రాశారు, నేనైతే మొదట రాసేవాణ్ని.

టూత్‌పిక్‌ల ఆటలో ‘ఒకటే తగిలింది’ అనడం వేరు, ‘ఏమీ తగల్లేదు’ అనడం వేరు. వేలి కొస మీద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉన్నా రెండని తెలిసిపోతుంది, అక్కడ స్పర్శ నరాల కొసలు అంత దట్టంగా ఉంటాయి. అదే వీపు మీద, పిక్క మీద మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉన్నా ఒకటే అనిపించవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా. కానీ మొన అసలు తగిలిందే తెలియకపోవడం ఏ వయసులోనూ మామూలు కాదు.

టబ్బుల సంగతీ అంతే. ఒక చెయ్యి వేడినీళ్లలో, ఇంకో చెయ్యి చన్నీళ్లలో కాసేపు ఉంచి, రెండూ తీసి మామూలు నీళ్లలో పెడితే అవే నీళ్లు ఒక చేతికి చల్లగా, రెండో చేతికి వెచ్చగా అనిపిస్తాయి. చర్మం థర్మామీటర్‌లా డిగ్రీలు లెక్కపెట్టదు, అప్పటిదాకా ఉన్నదాని కంటే ఎంత మారిందో చెబుతుంది. మీ బాబు చూపించాలనుకున్నది అదే అయ్యుంటుంది. మీ అత్తగారి విషయంలో జరిగింది ఇది కాదు. ఒళ్లు కందేంత వేడి ఉన్నా ఆ కబురు పైకి చేరలేదు. చాలా ఏళ్లు షుగర్ ఉన్నవాళ్లలో నరాలు దెబ్బతినడం అన్నిటికంటే పొడుగ్గా ఉండే వాటితో, అంటే కాలి వేళ్ల దాకా వెళ్లే నరాలతో మొదలవుతుంది, అక్కణ్నుంచి మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. వేడినీ నొప్పినీ మోసే సన్నటి నరాలు పోతే కాలినా తెలియదు. అందుకే చేతులు బాగానే పనిచేస్తున్నాయని ధీమా పడొద్దు, వాటి వంతు తర్వాత వస్తుంది.

ఆమెను కూర్చోబెట్టి అడగండి: నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలియట్లేదా, దూది మీద నడుస్తున్నట్టు ఉందా, రాత్రిళ్లు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తున్నాయా? మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇవి చెప్పకుండా ‘మోకాళ్ల నొప్పులండీ’ అని మొదలుపెడతారు, చెప్పు సంగతి వెంట వచ్చిన కూతురో కోడలో చెబుతుంది.

టూత్‌పిక్‌లు మాత్రం ఇక ఆ పాదాల జోలికి తీసుకెళ్లొద్దు, చిన్న గాటు పడినా షుగర్ కాలికి ప్రమాదమే. దానికి బదులు ఇలా చేయండి. ఆమెను కళ్లు మూసుకోమని, మీ చూపుడు వేలితో రెండు పాదాల్లోనూ బొటనవేలి కొసని, మధ్య వేలి కొసని, చిటికెన వేలి కొసని ఒక్కోటి ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ముట్టుకోండి. నొక్కొద్దు, గిల్లొద్దు, తెలియలేదని రెండోసారి ముట్టుకోవద్దు. ఏ కాలు తగిలిందో ఆమే చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే పాదాల్లో స్పర్శ తగ్గిందని అర్థం. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ డాక్టర్లు ఇళ్లలో చేసుకోవడానికే తయారుచేసిన పరీక్ష ఇది. ఒకవేళ అన్నీ సరిగ్గా చెప్పినా డాక్టర్‌కి చూపించడం మానొద్దు, వేడి తెలియలేదన్నది మీరు కళ్లారా చూశారు కదా.

డాక్టర్ 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో, ట్యూనింగ్ ఫోర్క్‌తో స్పర్శ చూస్తారు, పాదాల్లో నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తారు. హెచ్‌బీఏ1సీతో (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) పాటు విటమిన్ బీ12 పరీక్ష కూడా చేయించండి, షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ బిళ్ల ఏళ్ల తరబడి వాడేవాళ్లలో అది తగ్గొచ్చు, దానివల్ల కూడా నరాలు దెబ్బతింటాయి, త్వరగా పట్టుకుంటే బీ12 తగ్గి దెబ్బతిన్నంత వరకు కోలుకునే అవకాశం ఎక్కువ. షుగర్ వల్ల పోయిన స్పర్శ మళ్లీ మునుపటిలా వస్తుందని మాట ఇవ్వలేను, షుగర్ అదుపులో ఉంటే మరింత ముదరకుండా చూసుకోవచ్చు. మెడికల్ షాపులో నరాల బలానికని బిళ్లలు కొనేసి పరీక్ష ఎగ్గొట్టడం నాకు నచ్చని అలవాటు.

ఈలోగా వేడినీళ్లలో కాళ్లు పెట్టడం, కాపడం, హాట్ వాటర్ బ్యాగ్ అన్నీ బంద్. స్నానం నీళ్లు మీరు ముట్టుకుని చూశాకే ఆమె పోసుకోవాలి. ఎండవేళ గుడిలో బండల మీద ఉత్తికాళ్లతో ప్రదక్షిణలు చేయనివ్వకండి, ఒప్పించడం కష్టమే, పొద్దున్నే వెళ్లమనండి. రోజూ పడుకోబోయే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు ఎవరో ఒకరు చూడాలి, ఈ డ్యూటీ మీ బాబుకి ఇచ్చినా బాగానే చేస్తాడు. ఆ కందిన చోట బొబ్బ లేచినా, తోలు ఊడినా, రంగు మారినా చిదమకుండా, పసుపూ టూత్‌పేస్టూ రాయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేకపోయినా ఈ వారం దాటనివ్వకండి, వెళ్లేటప్పుడు ఆమె వాడే మందుల చీటీతో పాటు రోజూ వేసుకునే చెప్పులూ పట్టుకెళ్లండి.