పాఠకుల ప్రశ్నలు: కుస్తీ పట్టులో శృంగార రసం

ప్రశ్న: చిన్నప్పటి నుంచీ టీవీలో ప్రొఫెషనల్ రెజ్లింగ్ చూస్తున్నాను. ఈ మధ్య అభిమానులు గీసిన రెజ్లర్ల బొమ్మలు కొన్ని కంటపడ్డాయి. వాటిలో భుజాలు తలకు మూడింతలు, తొడలు స్తంభాలంత ఉంటాయి. రింగులో బద్ధశత్రువులుగా కనిపించే ఇద్దరు మగవాళ్లు వాటిలో ప్రేమికుల్లా పెనవేసుకుని ఉంటారు. మొదట నవ్వొచ్చింది గాని, ఒక బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. ఇది ఆ ఆటను ఎగతాళి చేయడమా, కళా? ఇటువంటి బొమ్మలను ఎలా చూడాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: ముందుగా ఎగతాళి సంగతి చూద్దాం. మామూలుగా సాగే ఆటను తీసుకుని పెంచి గీస్తే వెక్కిరింత అనవచ్చునేమో గాని, రెజ్లింగ్ మొదటి నుంచీ అతిశయోక్తి అలంకారం మీదనే బతుకుతున్న ప్రదర్శన. అక్కడ దెబ్బ చప్పుడు చిట్టచివరి వరుస దాకా వినిపించాలి, పడినవాడి బాధ ఆఖరి కుర్చీలో ఉన్నవాడికీ కనిపించాలి. 1940ల్లోనూ 50ల్లోనూ అమెరికా టీవీ ప్రేక్షకులను ఊపేసిన గార్జియస్ జార్జ్, రంగు వేయించిన ఉంగరాల జుట్టుతో, తళతళలాడే అంగీలతో వచ్చేవాడు. అతను అడుగుపెట్టే ముందు సేవకుడొకడు రింగులో అత్తరు చల్లేవాడు. 1995లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అమెరికన్ రెజ్లింగ్ సంస్థలో ప్రవేశించిన గోల్డస్ట్ అనే పాత్ర నిలువెల్లా బంగారు దుస్తులతో, ముఖాన బంగారు పూతతో ప్రత్యర్థులను శృంగార చేష్టలతో కవ్వించి కంగారు పెట్టేది. కాబట్టి బొమ్మ గీసినవారు శృంగారాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అంటించలేదు. అది అక్కడే ఉంది.

అయితే ఒక తేడాను గమనించాలి. ఆ సోకునూ ఆ కవ్వింపునూ రింగులో ఎక్కువగా జనం చేత ఛీ కొట్టించుకోవడానికే వాడుకున్నారు. మెక్సికోలో 'ఎక్సోటికో'లనే రెజ్లర్ల సంప్రదాయం ఉంది. ఆడతనపు హావభావాలతో, అలంకరణతో బరిలోకి దిగే ఆ వేషం చాలాకాలం నవ్వులాటగానే నడిచింది. తాను గేనని దాచుకోకుండా అదే వేషంలో దిగిన కసాండ్రో 1992లో యూడబ్ల్యూఏ అనే మెక్సికన్ సంస్థ ప్రపంచ లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాక, నవ్వినవాళ్లు కూడా అతని ఆటను ఆటగా చూడవలసి వచ్చింది. అభిమానుల బొమ్మ చేసే పని కూడా ఇంచుమించు ఇదే: జనం ఈసడించుకోవాలని తయారుచేసిన దాన్నే అది ముచ్చటపడి గీస్తుంది.

ఇక ఎలా చూడాలన్నారు. నన్నడిగితే కండలను వదిలి చేతులను చూడమంటాను. 1989లో న్యూజెర్సీ సెనేట్ ముందు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తమది పోటీ క్రీడ కాదని, వినోదమేనని ఒప్పుకున్న నాటికే తెలిసినవారికి అది పాత సంగతి; ఫలితం ముందే నిర్ణయమై ఉంటుంది. అంతకంటే అందమైన విషయం ఆ పట్టుల లోపల ఉంది. ఒకడు మరొకణ్ణి ఎత్తి నేలకు కొట్టేటప్పుడు, పైకి లేచేవాడు తానే కాళ్లతో ఎగిరి సాయం చేస్తాడు, ఎత్తినవాడి తొడ మీద చెయ్యి ఆన్చి బరువు సర్దుకుంటాడు, గడ్డాన్ని ఛాతీకి అదిమి మెడను కాపాడుకుంటాడు. మెడను చంకలో బిగించి పట్టినప్పుడు, జుట్టు చాటున, తర్వాతి ఎత్తు ఏమిటో చెవిలో గుసగుసగా చెప్పుకుంటారు. గట్టి దెబ్బ తగిలిందేమోనన్న అనుమానం వస్తే చేతిని మెల్లగా నొక్కి అడుగుతారు. తిరిగి నొక్కితే బాగానే ఉన్నట్టు. ఇరవై వేలమంది కళ్ల ముందు పగను అభినయిస్తూ, లోపల ఒకరి ప్రాణాన్ని ఇంకొకరు అరచేతుల్లో పెట్టుకుని చూసుకునే ఈ ఆటలో ప్రేమను చూడటానికి పెద్ద ఊహాశక్తి అక్కరలేదు.

నేను దాచుకున్న పెన్సిల్ బొమ్మ ఒకటుంది. ఇద్దరు భారీ మనుషులు, ఒకడి భుజం మీద ఇంకొకడు. కండలు అసంభవం, నడుము మరీ అసంభవం. కాని పైనున్నవాడి అరచెయ్యి కిందవాడి వీపు మీద విచ్చుకుని ఉంది, వేళ్ల కొసలు చర్మంలో కొద్దిగా దిగి ఉన్నాయి, కిందవాడి మడమ ఆ బరువుకు రింగు కాన్వాస్‌లో కుంగింది. ఆ మడమ లేకపోతే అవి గాలి బుడగలు. మంచి అతిశయోక్తికి బరువుంటుంది. నాసిరకం దానిలో కండలు కండల కోసమే ఉబ్బుతాయి, ఎవరి చెయ్యీ ఎవరినీ నిజంగా పట్టుకోదు.

ఈ గీతకు వంశవృక్షం కూడా ఉంది. 1589లో డచ్ కళాకారుడు హెండ్రిక్ గోల్ట్సియస్ చెక్కిన హెర్క్యులిస్ ముద్రాచిత్రంలో వీరుడి ఒళ్లంతా బుడిపెలు కట్టినట్టుంటుంది. 1957లో అమెరికన్ పత్రిక 'ఫిజీక్ పిక్టోరియల్' ముఖచిత్రంతో బయటికి వచ్చిన చిత్రకారుడు టామ్ ఆఫ్ ఫిన్లాండ్ (అసలు పేరు టౌకో లాక్సొనెన్) కండలను కొండలుగా పెంచి పురుషుల మధ్య వలపును గీశాడు. అతని మనుషులు సిగ్గుపడరు, చిరునవ్వుతో ఉంటారు. రహస్యంగా చేతులు మారిన ఆ బొమ్మలే 2014లో ఫిన్లాండ్ తపాలా బిళ్లల మీదికెక్కాయి. జపాన్‌లో గెంగొరో తగామె వంటివారి మాంగా (బొమ్మల కథలు) ఇదే ధోరణికి మరింత మొరటు ఒంపునిచ్చింది. మీరు ఆగిపోయిన బొమ్మలో వీరిలో ఎవరి నీడో ఒకటి ఉండి ఉంటుంది.

ప్రశ్న: నేను ఇటువంటి బొమ్మలు గీస్తాను. అసలు మనుషులను ఇలా గీయడం తప్పవుతుందా? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, పాత్ర వేరు, మనిషి వేరు. 2009లో జపాన్‌లో జట్టుగా మొదలైన రెజ్లర్లు కెన్నీ ఒమేగా, కోటా ఇబుషిల 'గోల్డెన్ లవర్స్' (బంగారు ప్రేమికులు) కథ విడిపోవడాలతో సాగి, 2018 జనవరిలో సప్పొరో రింగులో, రాలుతున్న రంగు కాగితాల కింద కౌగిలితో మళ్లీ కలిసింది. దాన్ని ప్రేమకథగా చదువుకోమని పేరే పిలుస్తోంది. అటువంటిదాన్ని గీయడానికి మీకు సంకోచం అక్కరలేదు. కాని ఆ గీతను పట్టుకుని ఫలానా ఆటగాడు నిజజీవితంలో ఇటువంటివాడని అనడం మరో పని. 1979లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తొలి ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ అయిన రెజ్లర్ ప్యాట్ ప్యాటర్సన్, తాను గేనని బహిరంగంగా చెప్పింది 2014లో. ఎప్పుడు చెప్పాలన్నది అతని ఇష్టం. ఆటగాళ్లు తామై అడగకుండా శృంగార చిత్రాలను వారికి పంపకండి, వారి భార్యాబిడ్డలను కథలోకి లాగకండి, పెద్దలకు మాత్రమే తగిన బొమ్మలను పెద్దవాళ్లకే చూపండి. బొమ్మ కింద రింగు పేరు రాస్తే చాలు, అసలు పేరు వద్దు.