ఆ సాక్ష్యం మీరు చెప్పకూడదు

ప్రశ్న (ఉత్తరం నుంచి కుదించినది): మాది గుంటూరుకు దగ్గర్లోని పల్లె. తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం. నేను నర్సింగు చదివి ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా నాన్నగారికి మూత్రపిండాలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్ జరిగేది. నిరుడు ఒక స్వస్థత కూడికలో బోధకుడు, రోగుల మీద చేతులుంచితే వారు బాగవుతారన్న మార్కు సువార్త 16:18 చదివి, నాన్నగారి తల మీద చేతులుంచి, "బాగైపోయింది, ఇక సూది గుచ్చించుకోవడం అవిశ్వాసం" అన్నారు. అమ్మ డయాలసిస్ మాన్పించింది. నేను గొడవపడ్డాను. నాన్నగారు మాత్రం "ఈ వారం వదిలేద్దాం లేమ్మా" అన్నారు. వరసగా మూడుసార్లు తప్పింది. చివరికి ఆయాసంతో ఆసుపత్రికి తీసుకెళ్లాం, తెల్లవారేసరికి పోయారు. "నీ అవిశ్వాసం వల్లే ప్రార్థన ఫలించలేదు" అని అమ్మ ఆనాటి నుంచి అంటోంది. వచ్చే నెలలో సంవత్సరీక జ్ఞాపకార్థ కూడిక ఉంది. అందులో నేను లేచి నిలబడి ఆ తప్పు ఒప్పుకుంటూ సాక్ష్యం చెప్పాలట. కువైట్‌లో ఉన్న అన్నయ్య కూడా "అమ్మ కోసం రెండు మాటలు చెప్పెయ్" అంటున్నాడు. ఆ వచనం అసలు పురాతన ప్రతుల్లోనే లేదని ఈమధ్య చదివాను. అదే లేకపోతే మిగతా బైబిలు సత్యమని ఎలా నమ్మాలి? నా విశ్వాసం పోయినట్టేనా? ప్రభువు బల్లలో, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసంలో పాలుపొందవచ్చా?

జవాబు: మార్కు సువార్త గురించి మీరు చదివింది నిజమే. నాలుగో శతాబ్దానికి చెందిన రెండు గ్రీకు ప్రతులు, అంటే వాటికన్ గ్రంథాలయంలో ఉన్నదీ, సీనాయి కొండ కింది మఠంలో దొరికి ఇప్పుడు చాలా భాగం లండన్‌లో ఉన్నదీ, 16వ అధ్యాయం 8వ వచనంతోనే ఆగిపోతాయి. తొమ్మిది నుంచి ఇరవై వరకు ఉన్న వచనాలు తరువాత చేరాయని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం, వారిలో నిండు విశ్వాసులూ ఉన్నారు. అలాగని అవి నిన్నమొన్న ఎవరో చేర్చినవి కావు, రెండో శతాబ్దం చివరలోనే సంఘ నాయకుడు ఇరేనియస్ వాటిలో ఒకదాన్ని మార్కు మాటగా ఉదహరించాడు. కచ్చితమైన ప్రతుల్లో అవి కనిపించవని నాలుగో శతాబ్దంలో సంఘ చరిత్రకారుడు యుసేబియస్ రాశాడు. ఎవరో దాచిపెట్టగా ఇప్పుడు బయటపడిన రహస్యం ఇందులో ఏదీ లేదు. "ఆయన లేచియున్నాడు" అన్న మాట ఆ వచనాల కంటే ముందు, ఆరో వచనంలోనే ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో పౌలు యేసు పునరుత్థానానికి సాక్షులను వరసగా లెక్కపెట్టిన భాగం మార్కు సువార్త కంటే ముందే రాసినదని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. కాబట్టి ఆ పన్నెండు వచనాలను పక్కన పెట్టినా క్రైస్తవ విశ్వాసానికి మూలమైనది ఎక్కడికీ పోదు.

ఈ కలత మీ ఒక్కరికే వచ్చిందనుకోకండి. 1707లో జాన్ మిల్ అనే ఇంగ్లీషు పండితుడు కొత్త నిబంధన గ్రీకు ప్రతులను పోల్చి, వాటి మధ్య సుమారు 30,000 పాఠభేదాలు, అంటే మాటల్లో తేడాలు ఉన్నాయని చూపించాడు. జర్మనీలో లూథరన్ విద్యార్థిగా ఉన్న బెంగెల్‌ను ఆ సంగతి మీలాగే కలవరపెట్టింది. ఆయన కళ్లు మూసుకోలేదు, బైబిలును అటకెక్కించనూ లేదు. ఏళ్ల తరబడి ఆ తేడాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, విశ్వాసానికి ఆధారమైన బోధ ఏదీ వాటివల్ల కదలడం లేదని తేల్చుకొని, 1734లో తన గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అని పౌలు థెస్సలొనీక సంఘానికి రాసిన మాటను అక్షరాలా పాటించిన మనిషి ఆయన. పరీక్షించడం విశ్వాసికి అనుమతించిన పని మాత్రమే కాదు, అప్పగించిన పని అని నేను నమ్ముతాను. మన సంఘాల్లో ఆ మాటను గోడ మీద రాసుకుంటున్నంతగా ఆచరించడం లేదు.

మీరు అడిగిన దానికి నా జవాబు ఇంతే. ఇంతకంటే ఎక్కువ రాస్తే మీకు మేలు చేసినవాణ్ని కాను, ఎందుకంటే మీ ఉత్తరాన్ని నడిపిస్తున్నది ఆ వచనం కాదు. ఏళ్లుగా మీ ఇంట్లో చదువుకుంటున్న ఆ వచనం మీకు ఇప్పుడే ఎందుకు అడ్డం తగిలిందో ఒకసారి ఆలోచించండి. మీ అమ్మగారు మీ మీద ఒక నేరం మోపారు. ఆ నేరానికి ఆధారం ఆ వచనం. అది అసలు బైబిలులోది కాదని తేలిపోతే మీ మీది నేరమూ రద్దవుతుందని మీ మనసు ఆశపడింది. ఆ ఆశను నేను తప్పుపట్టను. కాని ఆ వచనం ఉన్నచోటనే ఉన్నా సరే, మీ మీద మోపిన నేరం నిలవదు.

ఎందుకు నిలవదో బైబిలునే అడుగుదాం. అదే మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో, ఏ ప్రతిలోనూ తగాదా లేని చోట, జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని బిగ్గరగా వేడుకుంటాడు. తన నమ్మకం సగమే అని నలుగురిలో ఒప్పుకున్న ఆ తండ్రి బిడ్డ బాగయ్యాడు. యేసు అతన్ని ముందు విశ్వాసం పూర్తి చేసుకొని రమ్మనలేదు. ఎందరినో స్వస్థపరచిన పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. త్రోఫిముకో, అతని ఇంట్లో ఎవరికో విశ్వాసం చాలలేదని ఎక్కడా అనలేదు. తిమోతికి కడుపు జబ్బూ, తరచుగా బలహీనతలూ వస్తుంటే ఆ కాలంలో మందుగా వాడే ద్రాక్షారసం కొంచెం పుచ్చుకోమని చెప్పాడు. లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. యోబు కష్టాలకు యోబే కారణమని నిరూపించబోయిన ముగ్గురు స్నేహితుల మీద దేవుడు కోపగించుకున్న సంగతి మీ అమ్మగారికి నాకంటే బాగా తెలిసే ఉంటుంది.

పైగా 16:18 వచనాన్ని ఆ బోధకుడు పూర్తిగా చదవలేదు. పాములను ఎత్తి పట్టుకుంటారనీ, మరణకరమైనది తాగినా హాని కలగదనీ అందులోనే, అదే వాక్యంలో ఉంది. అమెరికాలోని అపలాచియన్ కొండ ప్రాంతంలో కొన్ని చిన్న సంఘాలు ఆ మాటను ఉన్నదున్నట్టు ఆచరించి పాములను చేత పట్టుకున్నాయి. ఆ పద్ధతిని వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడైన జార్జ్ హెన్స్లీ 1955లో పాముకాటుతోనే చనిపోయాడు. మన ఊళ్లలో స్వస్థత కూడికలు పెట్టేవారిలో పాము జోలికి వెళ్లేవారు ఎవరూ ఉండరు. వాక్యంలో ఒక సగాన్ని తాము వదిలేసి, రెండో సగాన్ని మాత్రం ఒక రోగి ప్రాణం మీద పెట్టడం దైవసేవ అని నేను ఒప్పుకోలేను. మీ నాన్నగారికి రావలసిన చికిత్సను మాన్పించిన మాట ఆ బోధకుడిదే, ఆయన ఈ సంవత్సరం మీ గడప తొక్కారో లేదో కూడా మీరు రాయలేదు.

మీరు నర్సు కాబట్టి మిగతాది మీకు చెప్పనక్కరలేదు. వరసగా మూడుసార్లు డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరితిత్తులు నిండుతాయి, పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. మీ నాన్నగారు పోయింది దానివల్ల. మీ వాదన వల్ల ఎవరి రక్తంలోనూ పొటాషియం పెరగలేదు. ప్రార్థనకూ వైద్యానికీ పోటీ పెట్టడం మన తెలుగు సంఘాల ఆచారమూ కాదు. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచి, 1930లో కన్నుమూసేదాకా ఆ పట్టణంలోనే వైద్యం చేశారు. ప్రార్థన తెలియనందువల్ల ఆమె స్టెతస్కోపు పట్టుకోలేదు. మీరు చేస్తున్న ఉద్యోగానికి ఆ వరసలోనే చోటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఉత్తరం చివర, ముగించే తొందరలో, మీరు రెండు విషయాలు రాశారు. నాన్నగారు తన బైబిలు వెనకాల ఖాళీ పేజీలో ప్రతి డయాలసిస్ తేదీని పెన్సిలుతో రాసుకునేవారనీ, ఆ బైబిలును అమ్మ ఇప్పుడు బీరువాలో పెట్టి తాళం వేసిందనీ ఒకటి. అమ్మ మీకు అన్నం వడ్డిస్తుంది గాని మీ ఎదుట కూర్చోదని, చెంబుతో నీళ్లు పెట్టి వంటగదిలోకి వెళ్లిపోతుందని రెండోది. ఉత్తరమంతటిలో నన్ను ఆపినవి ఈ రెండే.

ఆ పేజీలో తేదీలు ఎక్కడ ఆగిపోయాయో మీ అమ్మగారికి తెలుసు. ఆ బోధకుడి మాట నమ్మి భర్తకు చికిత్స మాన్పించింది తానేనన్న సంగతి ఆవిడను రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. దాన్ని ఒప్పుకుంటే ఆవిడ బతకలేనని అనుకుంటున్నారు. దేవుడి మీద పెట్టడానికి మనసు రాదు, దైవజనుడి మీద పెట్టడానికి భయం, చనిపోయిన భర్త మీద పెట్టలేరు, కొడుకు దూరాన ఉన్నాడు. మిగిలింది మీరు. బరువు ఎక్కువైన మనిషి దగ్గరున్నవాళ్ల భుజం మీదే ఆనుకుంటారు. మీ అమ్మగారు మిమ్మల్ని ద్వేషిస్తున్నారని మీరు రాశారు. ద్వేషించే తల్లి వేళకు అన్నం పెట్టి, మీ కళ్లలోకి చూడలేక లోపలికి వెళ్లదు.

దీన్ని అర్థం చేసుకోమంటున్నానంటే భరించమని కాదు. తల్లిని సన్మానించమన్న ఆజ్ఞను మీ అమ్మగారు మీకు గుర్తు చేస్తున్నారని రాశారు. అదే పది ఆజ్ఞల్లో "నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అని కూడా ఉంది. చేయని నేరాన్ని చేశానని దేవుని సన్నిధిలో, సంఘం ఎదుట చెప్పడం, అది మీ మీద మీరే చెప్పుకున్నా, అబద్ధ సాక్ష్యమే. మీ అన్నయ్య అడుగుతున్న ఆ రెండు మాటలు అమ్మను ఓదార్చవు. మీరు ఒప్పుకున్న మరుక్షణం నుంచి ఆవిడ తన దుఃఖాన్ని ఎన్నటికీ విప్పుకోలేరు. మీకు రేపు పెళ్లయి వెళ్లినా ఆ మాట మీ వెంట వస్తుంది. ఆ కూడికకు వచ్చిన వాళ్లలో ఇంట్లో జబ్బుపడినవారున్న కుటుంబాలు కొన్నయినా ఉంటాయి, మీ మాట విని వాళ్లూ మందులు మానేస్తే ఎవరు బాధ్యులు? ఆడపిల్ల తల వంచితే ఇల్లు చల్లగా ఉంటుందని మనవాళ్లు ఎన్ని తరాలుగా చెబుతున్నా, అబద్ధానికి తల వంచమనే హక్కు కన్నతల్లికి కూడా లేదని నా నమ్మకం.

అలాగే ఆ కూడికలో లేచి బోధకుడి సంగతీ, అమ్మ సంగతీ బయటపెట్టాలన్న ఆలోచన మీకు ఉంటే అదీ మానుకోండి. మార్కు సువార్త ప్రతుల విషయం కూడా అమ్మ దగ్గర ఎత్తవద్దు. భర్తను పోగొట్టుకున్న మనిషి చేతిలోంచి చివరికి మిగిలిన పుస్తకాన్ని లాక్కున్నట్టు అవుతుంది.

ముందు అమ్మతో ఒంటరిగా మాట్లాడండి. ఈసారి ఆవిడ వడ్డించి వెళ్లబోతుంటే చేయి పట్టుకొని కూర్చోబెట్టండి. "నాన్న నా వల్ల చనిపోలేదమ్మా. నీ వల్ల అని కూడా నేను అనను. నాన్న బతకాలనే నువ్వు ప్రార్థన చేశావు, నాన్న బతకాలనే నేను గొడవపడ్డాను. అలసిపోయి ఆ వారం వదిలేద్దామన్నది నాన్నే" అని చెప్పండి. నాన్నగారు ఆ మాట అన్నారని మీరే రాశారు. తెలివి ఉన్న పెద్దమనిషి తన శరీరం గురించి తాను చేసుకున్న నిర్ణయమది. అది తప్పు నిర్ణయమే కావచ్చు, దాన్ని ఆయనకు ఉంచండి. అమ్మ కేకలు వేస్తారు, లేచి వెళ్లిపోవచ్చు. మీరు బదులు చెప్పకండి, చెప్పిన మాట మార్చకండి. ఆ బైబిలు తీసి ఆ పేజీ చూపించమని ఒకసారి అడగండి. ఇద్దరూ కలిసి ఏడవడం మీ ఇంట్లో ఇంతవరకు జరగలేదని నాకనిపిస్తోంది.

ఆ తరువాత నాన్నగారికి డయాలసిస్ చేసిన డాక్టరు దగ్గరికి అమ్మను తీసుకెళ్లి, ఏం జరిగిందో ఆయన నోటితో చెప్పించండి, మీరు చెబితే కూతురి వాదన అవుతుంది. మీ సంఘ కాపరి గారిని కూడికకు ముందే కలవండి. ఆ స్వస్థత బోధకుడు వేరు, మీ కాపరి వేరు అని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. సాక్ష్యాల్లో మీ పేరు పిలవవద్దని, మీరు పాడగలిగితే నాన్నగారికి ఇష్టమైన కీర్తన ఒకటి పాడతారని చెప్పండి.

విశ్వాసం పోయిందా అని అడిగారు. పోయినవాళ్లు అర్ధరాత్రి కూర్చుని ప్రాచీన ప్రతుల గురించి చదవరు. బల్లలో పాలుపొందండి. శిష్యుడైన తోమా, యేసు తిరిగి లేచాడంటే నమ్మనని తెగేసి చెప్పిన ఎనిమిది రోజుల తరువాత కూడా మిగతా శిష్యులతో అదే గదిలో ఉన్నాడు, అతన్ని ఎవరూ బయటికి పంపలేదు. మార్కు సువార్తను ఒకటో అధ్యాయం నుంచి వరసగా, వచనం వచనంగా కాకుండా కథంతా చదవండి. అడగదలచుకున్నవి కాగితం మీద రాసుకొని కాపరి గారిని అడగండి, ఆయన దగ్గర జవాబు లేకపోతే వేదాంత కళాశాలలో చదువుకున్నవారి దగ్గరికి పంపమనండి.

మీ అన్నయ్యకు ఈ వారంలోనే ఫోను చేయండి. సాక్ష్యం చెప్పనని మొదటే చెప్పేసి, కూడిక నాటికి కాకుండా అంతకు వారం ముందే రమ్మనండి. డాక్టరు దగ్గరికి అమ్మతో పాటు అతను కూడా రావాలి, కొడుకు పక్కనుంటే ఆవిడ వినగలుగుతారు. సెలవు దొరకదంటే, డాక్టరు మాట్లాడేటప్పుడు అతనికి వీడియో కాల్ చేసి, ఫోను అమ్మ చేతికి ఇవ్వండి.