దగ్గితే గుండెల మధ్య ‘టక్’మంటోంది

ప్రశ్న: నాన్నగారికి బైపాస్ జరిగి మూడు వారాలైంది. దగ్గినప్పుడు ఛాతీలో ‘టక్’మంటోంది. ఎడమ పిక్క వాచింది. కుట్లు ఊడాయా?

జవాబు: ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, చివర్లో స్టీలు తీగలతో బిగిస్తారు. ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి. ఎముక అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. శబ్దం అప్పుడప్పుడూ వస్తే భయం లేకపోవచ్చు, కానీ సర్జన్‌కి చూపించాల్సిందే. ఎముక కదులుతున్నట్టున్నా, గాయం నుంచి చీము వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు వెళ్లండి.

దగ్గొస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోమనండి. దగ్గు ఆపుకోకూడదు, కఫం నిలిచి న్యుమోనియా రావచ్చు. లేపేటప్పుడు రెక్క పట్టి లాగకండి (మన ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే). పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి లేవాలి. 4 కిలోలకు మించి ఎత్తకూడదు. నీళ్ల బకెట్ అసలే వద్దు.

బైపాస్ కోసం ఆ ఎడమ కాలి నుంచే సిర (రక్తనాళం) తీసి ఉంటే కొంత వాపు మామూలే. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టండి. పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే మాత్రం రక్తం గడ్డకట్టిందేమో వెంటనే స్కాన్ చేయించాలి. రోజూ పొద్దున్నే బరువు చూడండి: వారంలో 2 కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టే.