పావుకిలో పప్పు వెనక

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నకి బట్టల కొట్టు ఉంది. మావారిది బరంపురం, ప్రభుత్వోద్యోగి. మామగారు సూరత్ మరమగ్గాల్లో పనిచేసి ఆయన్ని చదివించారు. ఇప్పుడు జీతం బాగానే వస్తుంది. అయినా కందిపప్పు పావుకిలో, నూనె చిన్న ప్యాకెట్, ఏ రోజుకారోజే తెస్తారు. ఇంటి లోను అంటే మండిపడతారు. పినతండ్రి కొడుక్కి మాత్రం నాకు చెప్పకుండా 40 వేలు ఇచ్చేశారు. ఇది పిసినారితనమా, నేనంటే లెక్కలేకనా?

జవాబు: అమ్మా, పిసినారి అయితే ఆ 40 వేలు చెయ్యి దాటేవి కావు.

మీవారి బరంపురం ఉన్న గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లినవాళ్ల ఇళ్లు ఎన్నో చూశాను. డబ్బు వస్తే సరుకులు. రాకపోతే వీధి చివరి కొట్లో పావుకిలో, అదీ ఖాతాలో. సంచి పట్టుకుని వెళ్లిన పిల్లాణ్ణి కొట్టువాడు పదిమందిలో పాత బాకీ అడిగేవాడు. మీవారికి అప్పంటే ఆ గొంతే వినిపిస్తుందేమో. మీ నాన్నగారికి అప్పంటే సీజన్‌కి సరుకు తెచ్చుకునే దారి, పండక్కి తీరిపోతుంది. మాట ఒకటే, మీ ఇద్దరూ విన్నది వేరువేరు ఇళ్లలో.

తమిళనాడు చెరకు రైతుల మీద ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. అదే రైతు పంట డబ్బు రాకముందు తెలివి పరీక్షల్లో తడబడి, వచ్చాక మెరుగ్గా చేశాడు. చేతిలో డబ్బాడకపోతే బుర్రంతా ఆ లోటు చుట్టూనే తిరుగుతుందన్నమాట. మీవారికి ఇప్పుడా లోటు లేదు, అలవాటు మాత్రం మిగిలింది. చిన్న ప్యాకెట్లలో కొంటే ఎక్కువ పడుతుందని ఆయనకి తెలీదనుకోకండి.

ఇక ఆ 40 వేలు. బ్యాంకు గడప తొక్కని ఇళ్లలో ఆపదకి ఆదుకునేది చుట్టమే. ఆయన చదువుకీ ఎవరో ఒకరు చెయ్యి వేసే ఉంటారు. ఇచ్చినందుకు నేను తప్పు పట్టను. మీకు చెప్పకుండా ఇవ్వడం మాత్రం తప్పే, పేదరికం పేరు చెప్పి దాన్ని మాఫీ చేయలేం. చుట్టాలకి ఏడాదికి ఇంత అని ఇద్దరూ కూర్చుని అనుకోండి, ఆపై పైసా ఇచ్చినా ముందు మీకు చెప్పాలి.

లోను మాట కొన్నాళ్లు ఆపండి. ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు ఆయన పేరనే డిపాజిట్ చేయించండి. అది కళ్లెదుట ఉంటేగాని ఆయన కిస్తీల మాట వినరు.

నూనె జోలికీ వెళ్లకండి. సాయంత్రం ఆ చిన్న ప్యాకెట్ గట్టు మీద పెట్టినప్పుడు, చిన్నప్పుడు కొట్టుకి ఎవరెళ్లేవారని ఒకసారి అడిగి చూడండి.