పాత మార్కెట్ హాలును అందరి వేదికగా మార్చబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాను చూశాను. హాలు మధ్యలో రెండంతస్తుల గదులు గీయించావు. వాటిని తీసేయించు. నగరం నడిబొడ్డున, అడ్డుగోడ లేకుండా, కప్పు నుంచి వెలుతురు దిగే అంత పెద్ద చోటు మళ్లీ ఎవరూ కట్టివ్వరు. పెళ్లికైనా, పుస్తకాల సంతకైనా, వరద వచ్చినప్పుడు తలదాచుకోవడానికైనా పనికొచ్చేది ఆ ఖాళీయే. చిన్న సమావేశాలకు, సామానుకు, మరుగుదొడ్లకు చుట్టూ ఉన్న పాత కొట్లు చాలు. పారిస్‌లో లా విలెట్ పశువుల సంత హాలు 1867 నాటిది. దాని ఇనుప చట్రాన్ని అలాగే ఉంచి 1985లో సాంస్కృతిక వేదికగా తెరిచారు.

డబ్బు మొదట కప్పుకే పెట్టు. ఇలాంటి హాళ్లలో చాలాచోట్ల పోత ఇనుప స్తంభాలు బోలుగా ఉంటాయి. కప్పు మీది వాన నీరు వాటి లోపలి నుంచే కిందికి దిగుతుంది. ఆకులు, పావురాల రెట్టలు అడ్డుపడితే నీరు లోపలే నిలిచి ఇనుమును తినేస్తుంది, పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ప్రతి స్తంభం పాదం దగ్గర రంగు ఉబ్బిందా, తుప్పు చార కారిందా వంగి చూడు. పోత ఇనుము వంగకుండానే పగులుతుంది. అందుకే దీపాల కోసం, స్పీకర్ల కోసం దానికి రంధ్రాలు వేయనివ్వకు. చుట్టూ పట్టీలు బిగించమను.

చేపలు అమ్మిన వైపు గోడల్లో ఉప్పు ఇంకి ఉంటుంది. సిమెంటు పూస్తే పెచ్చులూడుతుంది, సున్నమే పూయించు. నేల తవ్వాల్సి వస్తే గడువులోనూ ఖర్చులోనూ వెసులుబాటు ఉంచుకో. బార్సిలోనాలో 1971లో మూతపడిన ఎల్ బోర్న్ మార్కెట్‌ను గ్రంథాలయం చేయబోతే, అడుగున పాత నగర శిథిలాలు బయటపడ్డాయి. చివరికి 2013లో అది సాంస్కృతిక కేంద్రంగా తెరుచుకుంది.

ఖాళీ హాలులో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి చూడు. రాయి, అద్దం, ఇనుము శబ్దాన్ని పీల్చుకోవు, కాబట్టి ఆ మోత సెకన్ల తరబడి తిరుగుతుంది. మాట తేటగా వినబడాలంటే అది దాదాపు ఒక సెకనులో అణగాలి. స్పీకర్ల జోరు పెంచితే మోతే పెరుగుతుంది. కప్పు కింద శబ్దం పీల్చే పలకలు, పక్కలకు మందపాటి తెరలు పెట్టించు. తలుపులు బయటికి తెరుచుకోవాలి. అగ్నిమాపక అధికారికి ప్లాను ఇప్పుడే చూపించు, కట్టాక కాదు.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. అక్కడి నుంచి ఖాళీ చేయించిన వర్తకులను ముందు పిలిచి మాట్లాడు. వానకు ఏ మూల నీరు నిలుస్తుందో, ఎండ ఏ పూట ఎక్కడ పడుతుందో వాళ్లకు తెలిసినట్టు ఏ ఇంజనీరుకూ తెలియదు. వారానికి ఒక ఉదయమైనా హాలు వాళ్లకు వదలాలి. వాళ్ల చెమటతో నిలిచిన చోటును అందరిదీ అంటూ వాళ్లనే బయట నిలబెట్టడం అన్యాయం.

కొత్త ప్లానులో హాలు కొలతలు, తలుపుల వెడల్పులు వేసి పంపు. జనం బయటపడే దారుల లెక్క చూసి రాస్తాను.