మంచానికి రెయిలింగ్ ఉంటే వృద్ధులు పడిపోరా?

వృద్ధాశ్రమంలో మంచానికి రెయిలింగ్ ఉన్నంత మాత్రాన పెద్దవాళ్లు పడిపోరన్న హామీ లేదు, పైగా కొందరికి దానివల్లే ప్రమాదం పెరుగుతుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచి, దాన్ని ఎక్కి దాటబోతారు. అప్పుడు ఇంకా ఎత్తు నుంచి పడతారు, దెబ్బా గట్టిగానే తగులుతుంది. పరుపుకీ రెయిలింగ్‌కీ మధ్య సందులో ఇరుక్కుని ఊపిరాడక చనిపోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ప్రమాణాలు పాటించే చోట అందరికీ ఒకేలా బిగించరు, ఒక్కొక్కరినీ విడిగా అంచనా వేస్తారు. ఉదాహరణకు, నడవగలిగినా తికమకపడే మనిషికి మంచం ఎత్తు బాగా తగ్గించి, రాత్రంతా చిన్న లైటు ఉంచుతారు. సొంతంగా లేవలేక, నిద్రలో దొర్లిపడేవాళ్లకైతే రెయిలింగ్ పనికొస్తుంది. రెయిలింగ్ లేదంటే నిర్లక్ష్యమేనని చాలామంది బంధువులు టెన్షన్ పడతారు. నిజానికి, లేవగలిగే మనిషిని దిగనివ్వకుండా ఆపడానికే పెడితే అది కట్టేయడం కిందికే వస్తుంది.