టైమింగ్స్ చూసి స్టేట్ మీట్ విన్నర్‌ని చెప్పొచ్చా? ప్రతి ఏడూ పియోరియాలోనే ఎందుకు?

మీరు అడిగినవి రెండు. మీ అమ్మాయి టీమ్ ఇల్లినాయ్ హైస్కూల్ అమ్మాయిల క్రాస్ కంట్రీ (గడ్డి మీద పరిగెత్తే దూరపు పందెం) స్టేట్ మీట్‌కి, అంటే రాష్ట్రస్థాయి పోటీకి, క్వాలిఫై అయింది కాబట్టి, ఎన్నో స్థానంలో వస్తారో టైమింగ్స్ బట్టి ముందే లెక్క కట్టొచ్చా అన్నది ఒకటి. జనమంతా షికాగో చుట్టుపక్కల ఉంటే మీట్ మాత్రం ప్రతి ఏడూ పియోరియాలో దేనికి, మార్చొచ్చు కదా అన్నది రెండోది. మా అమ్మాయి హైస్కూల్లో నాలుగేళ్ళు పరిగెత్తింది, అందులో రెండేళ్ళు టీమ్‌తో స్టేట్‌కి వెళ్ళింది. మొదటిసారి నేనూ ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలనే అనుకున్నాను. కాదని ఎక్సెల్ షీట్ ముందేసుకుని ఏడ్చాక తెలిసింది.

ముందు స్కోరింగ్ చెప్తాను. ఇది సరిగ్గా పట్టుబడకపోతే మిగతాదేదీ అర్థం కాదు. టీమ్‌కి ఏడుగురు పరిగెత్తుతారు. మొదటి అయిదుగురి స్థానాలు కూడితే వచ్చేదే టీమ్ స్కోరు. ఎవరిది తక్కువైతే వాళ్ళు గెలిచినట్టు. టీమ్ లేకుండా ఒంటరిగా క్వాలిఫై అయిన పిల్లల్ని టీమ్ లెక్కలోంచి తీసేస్తారు. అందుకే ఓవరాల్‌గా 60వ స్థానంలో వచ్చిన పిల్లకి టీమ్ స్కోరులో 45 పడొచ్చు. ఆరో అమ్మాయి, ఏడో అమ్మాయి తమ టీమ్‌కి నేరుగా పాయింట్లివ్వరు కానీ, అవతలి టీమ్ అయిదో అమ్మాయి కంటే ముందొస్తే దాన్ని ఒక స్థానం వెనక్కి నెడతారు. రెండు టీమ్‌ల స్కోరు సమానమైతే ఎవరి ఆరో అమ్మాయి ముందొచ్చిందో చూస్తారు.

ఒక టీమ్‌లో ముగ్గురు చిచ్చరపిడుగులు ఉన్నారనుకోండి: 2, 5, 9. నాలుగో పిల్ల 40, అయిదో పిల్ల 95. మొత్తం 151. ఇంకో టీమ్‌లో స్టార్ అనేవాళ్ళే లేరు, కానీ అయిదుగురూ ఒకరి జడ ఒకరు పట్టుకున్నట్టు వచ్చారు: 22, 25, 27, 31, 34. మొత్తం 139. కప్పు వీళ్ళది. ఫోటోలు మాత్రం అవతలి టీమ్ పిల్లలవి పడతాయి, అది వేరే సంగతి.

వ్యక్తిగత విజేతని ఊహించడం కొన్ని ఏళ్ళలో తేలికే. గ్లెన్ ఎలిన్ అమ్మాయి కేట్లిన్ హార్ట్ వరుసగా గెలుస్తూ పోయిన రోజుల్లో, అంటే 2019 దాకా, పెద్ద స్కూళ్ళ రేసులో ఎవరు ఫస్టో చెప్పడానికి ఎవరికీ బుర్ర పెట్టాల్సిన పని లేకపోయింది. టీమ్ సంగతి అలా కాదు.

మా సంగతి చెప్తాను. మా అమ్మాయి జూనియర్‌గా (పదకొండో తరగతిలో) ఉన్న ఏడాది, సెక్షనల్స్ (స్టేట్‌కి క్వాలిఫై అవడానికి పరిగెత్తే రేసులు) అయిన రాత్రి కూర్చుని, స్టేట్‌కి వచ్చే 3ఏ టీమ్‌లన్నిటి టైమింగ్స్ షీట్‌లోకి ఎక్కించాను. (3ఏ అంటే ఎక్కువమంది పిల్లలున్న స్కూళ్ళు. 2007 నుంచి ఇక్కడ స్కూలు సైజుని బట్టి మూడు విభాగాలు.) మా ఆయన "ఇదేమన్నా ఆఫీసు పనా?" అంటూనే పక్కన కూర్చుని ఫార్ములా సరిచేశారు. నా షీట్ ప్రకారం మా టీమ్: 12, 30, 41, 58, 66. మొత్తం 207, మూడో స్థానం. మా అమ్మాయి ఆరో రన్నర్, అంటే లెక్కలోనే లేదు. ఆ మాట నెలరోజుల్నుంచీ తనే నవ్వుతూ అందరికీ చెప్తోంది.

రేసు మొదలైన నిమిషంలోపే మా నాలుగో అమ్మాయి కాలిని వెనక పిల్ల తొక్కింది, షూ ఊడిపోయింది. ఆ పిల్ల ఆగి తొడుక్కోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అలాగే ఒక కాలికి సాక్స్‌తో మూడు మైళ్ళూ పరిగెత్తింది. నూట యాభయ్యో స్థానం కూడా దాటాక వచ్చింది. మా అయిదో అమ్మాయి స్కోరులో నాలుగోది అయింది, మా పిల్ల అయిదోది అయింది. ఫైనల్ లెక్క 15, 33, 44, 71, 118. మొత్తం 281. ఎనిమిదో స్థానం.

మా పిల్లకి ఇవేవీ తెలియవు. తను లెక్కలో లేననుకుంటూనే చివరి పరుగులో నలుగుర్ని దాటింది. టెంట్ దగ్గరికి వచ్చి, ఒళ్ళంతా బురద, నారింజ తొన తింటుంటే కోచ్ ఫోన్ చూపించాడు. తొమ్మిదో టీమ్ స్కోరు 283. "అమ్మా, నేను కౌంట్ అయ్యానంట," అంది. ఆ తర్వాత షూ పోయిన పిల్ల పక్కనే కూర్చుని, దాని కాలి ముళ్ళు తీస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పియోరియాలోని డెట్‌వైలర్ పార్క్ ఇల్లినాయ్ నది పక్కన ఉన్న మైదానం. కోర్సు, అంటే పరిగెత్తే దారి, దాదాపు చదును. మొదట వెడల్పుగా, పొలంలా ఉన్న గడ్డి మీద అందరూ ఒకే గీతలో నిలబడతారు. తుపాకీ పేలగానే రెండు వందలమందికి పైగా అమ్మాయిలు ఒక్కసారిగా మొదటి మలుపు కోసం దూసుకుపోతారు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆ వెడల్పంతా సన్నబడుతుంది. షూలు ఊడేదీ, మోచేతులు తగిలేదీ అక్కడే. గుట్టలుండే కోర్సులో ఎక్కుడు దగ్గర గుంపు చెదిరిపోతుంది, బలమున్నవాళ్ళు ముందుకెళ్తారు, మధ్యలో ఖాళీలు వస్తాయి. చదును నేల మీద అలా చెదరరు. అంతా ముద్దగా వస్తారు. మా పిల్ల వచ్చిన ఏడాది తన ముందు పది సెకన్లలో పద్దెనిమిది మంది ఉన్నారు. ఆ ఏడాది పిల్లలు సెక్షనల్ పరిగెత్తిన గోల్ఫ్ కోర్సులో గుట్టలున్నాయి. అక్కడ అదే పది సెకన్లకి ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళు. అంటే వేదిక ఎంచుకోవడంలోనే సగం జోస్యం ఉంది. పియోరియాలో అయిదో అమ్మాయికి కాస్త ఒంట్లో బాగోకపోతే ముప్ఫై పాయింట్లు పోతాయి. ఇంకోచోట ఏడెనిమిది పోతాయంతే.

సెక్షనల్ టైమింగ్స్‌ని నమ్మకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మంచి టీమ్‌ల కోచ్‌లు ఆ రోజు పిల్లల్ని పూర్తిగా పరిగెత్తనివ్వరు. క్వాలిఫై అయితే చాలు. నా షీట్‌లో ఆరో స్థానంలో పెట్టిన టీమ్ ఆ శనివారం రెండోది వచ్చింది. సెక్షనల్స్‌లో వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పరిగెత్తారని తర్వాత ఆ టీమ్ పిల్లల్లో ఒకరి తల్లే నవ్వుతూ చెప్పింది.

దూరం కూడా చూసుకోండి. ఇక్కడ స్టేట్ మీట్ మూడు మైళ్ళు, 5కె (అయిదు కిలోమీటర్లు) కాదు. 172 మీటర్లు తక్కువ. మైలు ఆరు నిమిషాల్లో పరిగెత్తే అమ్మాయికి అది దాదాపు 38 సెకన్లు. న్యూజెర్సీలో ఉన్న మీ చెల్లెలి కూతురు టైమింగ్‌తో మీ అమ్మాయిది పోల్చకండి, అక్కడి హోమ్‌డెల్ పార్క్ 5కె, పైగా గుట్టలు. ఒక తగువు ముందే తప్పిస్తున్నాను. (అమ్మాయిల స్టేట్ మీట్ 1979లో మొదలైనప్పుడు దూరం రెండు మైళ్ళే. తర్వాత రెండున్నర చేసి, చివరికి అబ్బాయిలతో సమానం చేశారు. ఇంత చిన్న మార్పుకి అన్నేళ్ళు పట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.)

మరి వేదిక మార్చాలా? నా ఓటు వద్దనే. షికాగో పక్కనున్న మన నేపర్‌విల్ నుంచి రెండు గంటల పైనే ప్రయాణం, నిజమే. కానీ రాష్ట్రం దక్షిణాన కార్బండేల్ వైపు వాళ్ళకి దాదాపు నాలుగు గంటలు. మన దగ్గర పెడితే వాళ్ళ గతేమిటి? న్యూయార్క్‌లో వేదిక తిప్పుతూ ఉంటారు. అది న్యాయమే, కానీ ఏ ఏడాది టైమింగ్‌నీ ఇంకో ఏడాదితో పోల్చలేం. డెట్‌వైలర్‌లో 1972లో క్రెయిగ్ వర్జిన్ అనే అబ్బాయి 13 నిమిషాల 50.6 సెకన్లలో పరిగెత్తాడు. ఆ రికార్డు 2019 దాకా నిలిచింది. 47 ఏళ్ళ తర్వాత జాష్ మెత్‌నర్ సెకను కూడా పూర్తిగా తగ్గించకుండా దాన్ని దాటాడు. అదే గడ్డి, అదే మలుపు కాబట్టే ఆ పోలికకి విలువ. మిషిగన్‌లో కార్ల రేసు ట్రాక్ ఉన్న స్పీడ్‌వేలో పెడతారు. పార్కింగ్‌కీ బాత్రూములకీ లోటుండదని అక్కడి స్నేహితురాలు అంటుంది. డెట్‌వైలర్‌లో ఆ లైను చూశాక నేను కాస్త మెత్తబడ్డమాట నిజమే.

ఒకటి మాత్రం మార్చాలంటాను: ఆ మొదటి మలుపుని ఇంకాస్త దూరం జరపాలి. షూ పోయిన పిల్ల తల్లి పక్కన నిలబడి చూసినదాన్ని కాబట్టి అంటున్నాను.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట. పోయినేడు టైమింగ్‌ని ఈ ఏడాదికి పొడిగించి జోస్యం చెప్పేవాళ్ళని నమ్మకండి. తొమ్మిదో తరగతిలో గాలిలా పరిగెత్తిన పిల్ల పదో తరగతిలో వెనకబడటం చాలా మామూలు. ఒళ్ళు మారుతుంది, దానికి అలవాటు పడటానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది, తర్వాత మళ్ళీ పుంజుకుంటారు. మా పిల్లకి సోఫమోర్ ఏడాది (పదో తరగతిలో) మెట్లెక్కినా ఆయాసం వచ్చేది. ప్రాక్టీస్ తగ్గించేసిందేమో అని నేను కేకలేశాను. డాక్టర్ రక్తపరీక్ష చేయిస్తే ఫెరిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, బాగా తక్కువ. మాది పూర్తి శాకాహారం, పైగా పొద్దున్నా సాయంత్రం నాతోపాటు టీ. భోజనంతో టీ మానిపించి, డాక్టర్ చెప్పిన ఐరన్ వాడి, పప్పులో నిమ్మకాయ పిండడం మొదలుపెట్టాం. మూడు నాలుగు నెలలకి మనిషి మారింది. మీదీ శాకాహారమైతే సీజన్ మొదట్లోనే ఒకసారి చూపించండి. కేకలేసినందుకు నాకింకా బాధే.

కాబట్టి మీ అమ్మాయి టీమ్‌ని అంచనా వేయాలంటే మొదటి అమ్మాయి టైమ్ పక్కన పెట్టి, మొదటి రన్నర్‌కీ అయిదో రన్నర్‌కీ తేడా ఎంతుందో చూడండి. ఒక నిమిషం లోపుంటే ధైర్యంగా ఉండండి. ఆరో అమ్మాయి అయిదో అమ్మాయికి దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది.

శనివారం పొద్దున్నే బయల్దేరే బదులు శుక్రవారమే వెళ్ళండి, హోటల్ ఈరోజే చూసుకోండి. 3ఏ రేసులు చివర్లో ఉంటాయి. అప్పటికి వేలమంది తొక్కిన గడ్డి వాన పడితే బురదే, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తెచ్చుకోండి. స్టార్ట్ దగ్గర నిలబడకండి, అక్కడ ఎవరూ కనపడరు. మొదటి మలుపు దాటాక లోపలివైపు నిలబడి, వాళ్ళు వెళ్ళగానే అడ్డంగా పరిగెత్తితే నాలుగైదు చోట్ల చూడొచ్చు. మా ఆయన మూడోచోటికి చేరేసరికి ఆయాసంతో కింద కూర్చున్నారు, మా అమ్మాయి ఆయన్ని దాటి వెళ్తూ "నాన్నా, లే!" అని అరిచింది.

ఇంకో జత షూ లేసులు, సేఫ్టీ పిన్నులు బ్యాగులో వేసుకోండి. ఎవరో ఒకరు అడుగుతారు.